పాటలోని మగాడు

గడ్డిపేట (రాజాం దగ్గర),
జూన్ 9

అనూ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరూ పోలేదు. ఫోన్ చెయ్యకుండా కాగితం పట్టుకోవడానికి కారణం మీ అమ్మమ్మే. మీ ఇంట్లో ఫోన్ మోగితే స్పీకర్ పెట్టి తీరాలి. పోయినసారి నేను "బాగున్నావా" అంటే నీకంటే ముందు మీ వీధిలో ఆరుగురు బాగున్నామన్నారు. వాట్సాప్‌లో పంపితే మీ వెంకీ బావ దాన్ని పైకి చదివి వినిపిస్తాడు. మీ అమ్మమ్మ దానమ్మగారికి చదువు రాదు కాబట్టి మన రహస్యాలకి ఇప్పుడు భూమ్మీద భద్రమైన చోటు తపాలా కవరొక్కటే. ఎవరు రాశారని అడిగితే ఆధార్ వాళ్ల కాగితమని చెప్పు. మా నాన్నమ్మ తవిటమ్మ పేరు మాత్రం ఎత్తకు.

విషయానికొస్తాను. నేను పాట రాశాను. నవ్వకు.

డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. పరీక్షలు రెండు రాశాను, రెండూ వాయిదా పడ్డాయి. ఇంట్లో కూర్చుని మా నాన్నమ్మ బియ్యం కడుగుతుంటే చూడడమే నా ఉద్యోగం. హాస్టల్లో నీకు చెప్పాను కదా, కడిగేటప్పుడు ఆవిడ తనలో తను ఏదో అనుకుంటూ ఉంటుంది. ఈసారి పక్కనే కూర్చుని, సరిగా వినపడనిచోట నా మాట పెట్టి రాసుకున్నాను:

ఎల్తే ఎల్లావు గానీ నేస్తం
ఎనక్కి ఓపాలి సూడవేటి
కూడొండితే ఇద్దరికొండుతన్నాను
కూకో, నీ పీట ఆడే ఉన్నాది

ఇది ఎవరి గురించో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. మీ అమ్మమ్మా మా నాన్నమ్మా పంతొమ్మిదేళ్ల వయసులో శ్రీకూర్మం గుళ్లో ప్రసాదం మార్చుకుని, చీరలు మార్చుకుని నేస్తం కట్టుకున్నవాళ్లు. కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు జన్మలో పలక్కూడదు. అంత నేస్తరికం ముప్పై ఒక్క ఏళ్ల క్రితం ఒక్క రోజులో తెగింది. ఎందుకో ఇద్దరూ చెప్పరు. దాని ఊసెత్తితే మా నాన్నమ్మ చేట విసిరేస్తుంది, మీ అమ్మమ్మ మనిషినే విసిరేస్తుంది.

నేను ఆ నాలుగు లైన్లకి ఇంకో పన్నెండు కలిపి శ్రీకాకుళం పట్టుకెళ్లాను. అక్కడ ఉమాశంకర్ గారని, పెళ్లి వీడియోలు తీసి పాటల్లోకి దిగిన మనిషి. ఆయన స్టూడియో మోటార్లు రివైండింగ్ చేసే షాపు మేడ మీద. కింద మెకానిక్ భోజనానికి వెళ్లినప్పుడే పైన రికార్డింగ్. అతను తొందరగా తినే మనిషి. అందుకని మన పాట నాలుగు నిమిషాలు దాటలేదు.

ఉమాశంకర్ గారు కాగితం చదివి చాలాసేపు కళ్లు మూసుకున్నారు. బాగా కదిలిపోయారనుకున్నాను.

"ఇద్దరు ముసిలమ్మలు అలిగితే ఎవుడు సూస్తాడమ్మా?" అన్నారు. "అబ్బాయి, అమ్మాయి. మద్దిలో ఏడేళ్లు గ్యాపు. మల్లీ కలవడం. లవ్వు రిటర్ను. ఆడవాల్ల మాట మగాడి నోట్లో పెడితే ఊరూరా ఏడుస్తారు."

ఒప్పేసుకున్నాను అనూ. టైల్స్ షాపులో పనిచేసే మోహనకృష్ణ అనే అబ్బాయి పాడాడు. 'పీట' అన్నచోట నిజంగా ఏడ్చాడు, ఎందుకో తెలీదు.

నా ఆలోచన ఒకటే. మనిద్దరం నోరు తెరిస్తే తన్నులు తింటాం. పాటైతే గాల్లో తిరుగుతుంది. మీ సముద్రం ఒడ్డుకీ వస్తుంది. మీ అమ్మమ్మ వింటుంది, అది ఎవరి మాటో గుర్తుపడుతుంది. నేస్తం నేస్తం దగ్గరికి వెళ్తుంది. అంతే కావాలి నాకు.

నీ
సుహాసిని


ఇసకపేట,
జులై 2

సుహాసినీ,

నీ ఆధార్ కాగితం అందింది. నాలుగు పేజీల ఆధార్ కాగితం లోకంలో ఉండదని మా అమ్మమ్మకి కూడా తెలుసు. "ఏటి, నీ ఏలిముద్రలు అంతగా నచ్చీసినాయేటి ఆల్లకి?" అంది.

నీ ఉమాశంకర్ గారు షూటింగ్‌కి మా ఒడ్డుకే వచ్చాడు. ఈ సంగతి నువ్వు రాయలేదు. నీకూ చెప్పలేదో, నువ్వే దాచావో నాకు తెలీదు. తెల్ల చొక్కా వేసుకున్న హీరోని సరుగుడు తోట చుట్టూ మోటార్ సైకిల్ మీద పదిహేడు సార్లు తిప్పారు. పద్దెనిమిదోసారి పెట్రోలు అయిపోయింది. తర్వాత డ్రోను ఎగరేశారు. అది మేం ఎండబెట్టిన కవ్వళ్ల చేపల మీదుగా వెళ్లింది. మా ఊరి కాకులకి దాన్ని చూసి ఏమనిపించిందో, ముప్పై నలభై కలిసి దాన్ని సముద్రం దాకా తరిమాయి. ఆ ముక్క వీడియోలో పెడతారా? పెడితే చూస్తాను.

ఆఖర్న హీరో నీళ్లలో మోకాళ్లదాకా దిగి ఏడవాలి. అమ్మమ్మ వలలో ముళ్లు తీసుకుంటూ అరగంట చూసింది. ఉండలేక లేచింది.

"ఎవుల కోసం ఏడుస్తన్నావురా గుంటడా?"

"లవర్ కోసం మామ్మా. అలిగెల్లిపోయింది."

"అది ఇందల ఉన్నాదేటి, సముద్రంలో?"

"లేదు మామ్మా. రాజాంలో."

"మరి రాజాం ఎల్లి తలుపు కొట్టరా ఎర్రిమొకమా! సముద్రానికి సెప్తే అదేటి సేస్తాది?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆవిడ మొహమే చూస్తున్నాను. రాజాం పేరెత్తాక వలలో ముల్లు వేలికి గుచ్చుకుంది.  షూటింగ్‌లో పాట పెట్టే డబ్బా పాడైపోయి హీరో అంకెలు లెక్కపెడుతూ పెదాలు ఆడించాడు కాబట్టి, నీ నాలుగు లైన్లూ ఆవిడ ఇంకా వినలేదు.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. మీ నాన్నమ్మని అడిగే రాశావా?

అనూరాధ


గడ్డిపేట,
ఆగస్టు 18

అనూ,

అడగలేదు. ఇప్పుడు అడిగే వీలు కూడా లేదు, ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. ఇంట్లో నన్ను "ఈ మనిషి" అంటోంది. "ఈ మనిషికి కూర కావాలేమో అడుగు" అని పిల్లితో చెబుతోంది.

మొదటినుంచీ చెబుతాను. పాట వచ్చిన పది రోజుల్లో ఆరు లక్షల మంది చూశారు. రాజాంలో కోళ్ల బండి మీదా అదే పాట. పంచాయతీ చెత్త బండి పాత పాట తీసేసి ఇదే పెట్టుకుంది. పొద్దున్నే "ఎల్తే ఎల్లావు గానీ నేస్తం" అని వినిపిస్తే జనం తడి చెత్త, పొడి చెత్త పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తున్నారు. రాజాంలో ఒక లెక్చరర్ ఏడేళ్ల కిందట వదిలేసిన అమ్మాయి ఇంటికి పూలు పట్టుకుని వెళ్లాడట. తలుపు ఆమె భర్త తీశాడు. పాట తనకీ ఇష్టమేనని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ కలిసి వాకింగ్‌కి వెళ్తున్నారు. ఆమె ఇద్దరితోనూ మాట్లాడడం లేదు.

నేను గాల్లో తేలుతున్న రోజుల్లో, ఎదురింటి ధనలక్ష్మి పిన్ని చెత్త బండి దగ్గర బుట్ట పట్టుకుని ఆగిపోయింది. "ఓలమ్మ! ఇయ్యి తవిటమ్మత్త బియ్యం కడుగుతా అనుకునే మాటలు కాదేటే?" అంది. అంతే. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. వీడియోలో మగాడున్నాడు. పాటలో మగాడి గొంతుంది. కాబట్టి తవిటమ్మకి ఒక మగాడున్నాడు. ఎవుడు?

మా తాతయ్య నరసింగరావు గారికి డెబ్బై ఆరు. మంచం ఎత్తుకుని కళ్లంలోకి వెళ్లిపోయాడు. ఆయన బాధ నువ్వు అనుకునేది కాదు. వినాలి.

"పెల్లయి యాబై మూడేల్లు. నన్ను పదిమందిలో నరసింగరావూ, నరసింగరావూ అని పేరెట్టి పిలిసినాది. మాస్టారు అటెండెన్సు పిలిసినట్టు. ఏనాడన్నా కాదన్నానేటి? ఆడెవుడికో మాత్రం నేస్తమట! ఆడి పేరు నోట్లోంచి రాదట! మొగుడి పేరు పలికీసి, ఆడి పేరు దాస్తాదేటి?"

ఇక్కడే చిక్కు పడింది. మా ఊళ్లో మా నాన్నమ్మ తప్ప పాతకాలపు ఆడవాళ్లెవరూ భర్త పేరు పలకరు. పేరు పలక్కపోతే దానికి ఒకటే అర్థమని అందరూ తేల్చేశారు. నాన్నమ్మని అడిగితే ఒకటే మాట, "నా నేస్తం." నేస్తం ఎవరంటే, "నేస్తమే." తాతయ్యకి క్యారేజీ పట్టుకెళ్తే మూత తీసి, "ఇది నా కూడా, ఆడి కూడా?" అని అడిగి, సగం తిని పంపుతున్నాడు. మిగతా సగం ఆడిదట.

మీ అమ్మమ్మ విందా? విని ఏమంది? తొందరగా రాయి.

సుహాసిని


ఇసకపేట,
ఆగస్టు 30

సుహాసినీ,

విన్నది. నువ్వు అనుకున్నట్టు కాలేదు.

వెంకీ బావ చేపల ఆటోలో పాట పెట్టుకుని వచ్చాడు. అమ్మమ్మ పెట్టెల్లో ఐసు కొడుతోంది. మొదటి లైనుకి సుత్తి ఆగింది. రెండో లైనుకి ఐసు మీదే కూర్చుంది. 'కూడొండితే ఇద్దరికొండుతన్నాను' అనేసరికి కొంగు నోట్లో పెట్టుకుంది. నేను ఆటో వెనక నిలబడి నీకు మనసులో దండం పెట్టుకున్నాను. నిజంగా.

"ఎవుల్రా పాడుతన్నది?" అంది. "నా నేస్తం మాటలు ఆడికెక్కడియి?" ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు.

వెంకీ బావ ఊరుకోవచ్చు కదా. ఫోన్ తీసి వీడియో చూపించాడు. తెల్ల చొక్కా హీరోని చూసింది. మోకాళ్లలోతు నీళ్లు చూసింది. పైగా మీ ఊరి కబురు కూడా వాడే మోసుకొచ్చాడు, గడ్డిపేటలో ఎవరో ముసలావిడ తన పాత ప్రియుడి కోసం కట్టిన పాటట అని.

"మగాడి కోసమా?"

"మగాడి కోసమే అమ్మమ్మా. పాట మొత్తం ఆడి కోసమే."

అమ్మమ్మ లేచింది. చీర వెనక తడిసిపోయి ఐసు ముక్కలు రాలుతున్నాయి. "నేను దానింట్లోంచి సేపల గంపెత్తుకుని బయల్దేరినప్పుడల్లా ఆ మాట నాతో అనీది," అంది. "నాతోటే అనాల. అదే మాట తీసికెల్లి ఏ ఎదవకో ఇచ్చీసిందంటే, ఆ రోజు అలిగింది నిజం అలక కాదన్నమాట. ఇంకోడున్నాడన్నమాట!"

మూడు రోజులైంది, అన్నం ముట్టడం లేదు. నువ్వు కలపబోయిన దాన్ని ముక్కలు చేశావు. ఇంతకుముందు అలక, ఇప్పుడు అసూయ. డెబ్బై ఏళ్ల మనిషి అసూయ ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. మీ ఊరి వైపు నుంచి గాలి వస్తే కిటికీ మూసేస్తోంది.

నాకు ఒక్కటి అర్థం కాదు. మీ నాన్నమ్మ "నా నేస్తం ఆడమనిషి, ఇసకపేటలో ఉంది" అంటే సరిపోతుంది కదా. మీ తాతయ్యకి మా అమ్మమ్మ తెలీని మనిషా? ఎందుకు చెప్పదు? నువ్వెందుకు చెప్పవు? నా దగ్గర ఏదో దాస్తున్నావు.

అనూరాధ


గడ్డిపేట,
సెప్టెంబర్ 10

అనూ,

అవును, దాచాను. హాస్టల్లో నువ్వు మొదటిసారి "మా అమ్మమ్మ పేరు దానమ్మ, ఇసకపేట" అన్న రోజు నాకు జ్వరం వచ్చింది, గుర్తుందా? పానీపూరీ వల్ల అన్నాను. పానీపూరీ కాదు.

మా ఊళ్లో మీ అమ్మమ్మ బతికి లేదు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా నాన్నమ్మ ఎక్కడినుంచో కోపంగా వచ్చింది. మర్నాడు పొద్దున్న వీధి నూతి దగ్గర నిలబడి తల మీంచి నీళ్లు పోసుకుంది. ఎవరు పోయారని అడిగితే "నా నేస్తం పోయింది" అంది. నేస్తం పోతే సొంత మనిషి పోయినట్టే కదా, తలస్నానం చెయ్యాలి. ఊరంతా వచ్చి పలకరించారు. తాతయ్య అయితే దానమ్మ మంచి మనిషని ఏడ్చాడు కూడా. ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆవిడకి తెలీలేదు. ఒక రోజు దాటింది, నెల దాటింది, ముప్పై ఒక్క ఏళ్లు దాటాయి.

పోయిన దానమ్మ కోసమే అనుకోవడానికి లేదు, పోయినవాళ్లని వెనక్కి చూడమని, కూకోమని ఎవరూ పిలవరని ఊళ్లో తేల్చేశారు. ఇప్పుడు నేస్తం ఎవరో చెబితే, బతికున్న మనిషికి చావు స్నానం చేశానని ఒప్పుకోవాలి. చెప్పకపోతే మగాడున్నట్టు. ఆవిడ రెండోదే ఎంచుకుంది. "మగాడున్నాడని అనుకుంటే అనుకోనీ," అంటోంది, నాతో కాదు, పిల్లితో.

అసలు ఆపద ఇంకోటి. ఎదురు చూసేవాళ్లుంటే మనుషులు దొరుకుతారు. ఆ మగాణ్ణి నేనే అంటూ ముగ్గురు బయల్దేరారు! ఒకాయన కూర్మయ్య గారు, రిటైరైన బస్సు కండక్టరు. తవిటమ్మ బస్సెక్కితే తనే కిటికీ పక్క సీటు ఖాళీ చేయించేవాడట, అదే 'పీట' అట. రెండో ఆయన పాతరోజుల్లో నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. ఏ ఊరో, ఎవరో గుర్తులేదు గానీ ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఏడ్చే ఉంటారని ఆయన నమ్మకం. మూడో ఆయన గంగులు గారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిపోయాడు. ఆయన మాత్రం నవ్వడం లేదు. తన దగ్గర నెలా ఏడాదితో సహా రుజువు ఉందంటున్నాడు.

పాత సర్పంచి దేవేంద్ర గారు ఈ నెల ఇరవై ఒకటి ఆదివారం పాల కేంద్రం వరండాలో పెద్దల్ని కూర్చోబెడుతున్నాడు. తాతయ్య పట్టుబట్టాడు. ఆ రోజు పేరు తేలకపోతే కళ్లంలోంచి ఇంటికి రాడట, ఆస్పత్రికి కూడా రాడట. మందులు సగమే వేసుకుంటున్నాడు, మిగతా సగం ఆడికట.

నేను ఆ రోజు లేచి అంతా చెప్పేద్దామనుకుంటున్నాను. చెబితే నాన్నమ్మ జన్మలో నా మొహం చూడదు. నువ్వు చెప్పు, ఏం చెయ్యను?

సుహాసిని


ఇసకపేట,
సెప్టెంబర్ 17

సుహాసినీ,

నువ్వు లేవకు. నేనే చెప్పేశాను.

చావు స్నానం మాట చెప్పలేదు, నాకూ బతకాలనుంది. పాట నువ్వు రాశావని, నువ్వు తవిటమ్మ మనవరాలివని, ఆధార్ కాగితాలన్నీ నీవేనని, మగాణ్ణి ఉమాశంకర్ పెట్టాడని చెప్పాను. ఆ మగాణ్ణి నేనే అంటూ వచ్చినవాళ్ల సంగతి కూడా చెప్పాను. అంతా విని, "ముగ్గురొచ్చినారా?" అంది. "ముగ్గురు." "నా సోటుకా?" అంది.

ఆదివారం వెంకీ బావ ఆటోలో వస్తోంది. వెనకంతా చేపల పెట్టెలు, ముందు ఒక్క మనిషికే చోటు. నాకు చోటు లేదు. ఒక్క మాట కూడా వదలకుండా రాయి.

అనూ


గడ్డిపేట,
సెప్టెంబర్ 23

అనూ,

రాస్తున్నాను. ఒక్క మాట కూడా వదలకుండా.

వరండాలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలా ఉన్నారు. హార్మోనియం ఆయన సెంటు కూడా రాసుకున్నాడు. నాన్నమ్మ ఒక పక్క గోడకి ఆనుకుని కూర్చుంది. తాతయ్య ఇంకో పక్క.

కండక్టరు గారు టిక్కెట్టు ఇచ్చినట్టు చిన్నగా మాట్లాడి కూర్చున్నారు. హార్మోనియం ఆయన మాట్లాడడానికి బదులు పాడబోతే దేవేంద్ర గారు ఆపారు. అప్పుడు గంగులు గారు లేచారు.

"పంతొమ్మిది వందల తొంబై నాలుగు, మే నెల. ఇసకపేటలో ఒక పెళ్లి భోజనాలు. ఈవిడ ఎదురు బంతిలో కూర్చుంది. నేను తింటున్నంతసేపూ నా వైపే చూసింది. కన్ను ఆర్పలేదు. కళ్లలో నీళ్లు. సగంలో లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్లిపోయింది. అంత తట్టుకోలేని చూపు నన్ను మా ఇంటావిడ కూడా ఎప్పుడూ చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ చూపు నాతోనే ఉంది."

 తాతయ్య భుజం మీది తుండు కింద పడింది. "సూసినావా లేదా?" అన్నాడు నాన్నమ్మతో.

"సూసినాను," అంది నాన్నమ్మ.

మీ అమ్మమ్మ జాడ లేదు, అయిపోయిందనుకున్నాను. అప్పుడు వీధి మొదట్లో మన పాటే పెద్దగా వినిపించింది. చెత్త బండి అనుకున్నాం. చేపల ఆటో. మీ అమ్మమ్మ దిగింది. గంధం రంగు చీర, తలనిండా నూనె, చేతిలో ఏమీ లేదు. ఆవిణ్ణి ముందు గుర్తుపట్టింది లక్ష్మణమ్మ ముసలమ్మ, మా ఊళ్లో అందరికన్నా పెద్దది.

"ఓలమ్మో! దానమ్మ! సచ్చిపోయిన దానమ్మ!"

జనం వరండా దిగి పరిగెత్తారు. పాల క్యాను బోర్లా పడింది. హార్మోనియం ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. మీ అమ్మమ్మ పాలు తొక్కకుండా చీర ఎత్తిపట్టుకుని మెట్లెక్కింది.

"పాటలో మగాడు ఎవుడని ఎతుకుతన్నారట," అంది. "ఎతకొద్దు. ఆ మగాడు నేనే."

తర్వాత గంగులు గారి ముందు నిలబడింది. "నిన్ను సూసినాదేటి? నీ మొకం అద్దంలో సూసుకున్నావా ఎప్పుడన్నా? నీ ఆకులో పండుగప్ప తలకాయుంది, దాన్ని సూసినాది! అది దాని తలకాయ. అది మా ఇంటి పెల్లి, మా పెల్లిల్లలో పెద్ద సేప తలకాయ నేస్తానికే ఎయ్యాల. సర్కారోడొచ్చినాడని మా ఆయన నూకయ్య బయపడిపోయి నీ ఆకులో ఏసీసినాడు."

అనూ, ముప్పై ఒక్క ఏళ్లు. చేప తలకాయ. గంగులు గారు మెల్లగా కూర్చున్నారు. ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. ఒక మనిషి జీవితంలో ఉన్న ఒక్క ప్రేమకథా అలా కూర చట్టిలోకి పోయింది.

నాన్నమ్మ లేచింది. "ఆడి ఆకులో తలకాయ. నా ఆకులో తోక ముక్క," అంది. "మూడొందల మంది సూస్తన్నారు."

"ఆ తలకాయ సిన్నది," అంది మీ అమ్మమ్మ. "పెద్దది వంటింట్లో దాసుంచాను. బంతులన్నీ అయ్యాక ఇద్దరం ఒకే ఆకులో తిందామని."

"మరి సెప్పాలి కదా!"

"సెప్పడానికి నువ్వుండాలి కదా!"

"సెప్తే ఉందును కదా!"

"ఉంటే సెప్పుదును కదా!"

ఇది ఎంతసేపు సాగిందో చెప్పలేను. దేవేంద్ర గారు గడియారం చూసుకున్నారు, తర్వాత చూసుకోవడం మానేశారు. ఆఖరికి లక్ష్మణమ్మ ముసలమ్మ అడగకూడనిది అడిగేసింది. "మరి ఈ తవిటి నీకు తలకి నీల్లెందుకు పోసుకున్నాదే?"

మీ అమ్మమ్మ తిరిగింది. "నన్ను సంపీసినావా?"

"సంపీసినాను."

"ఎప్పుడు?"

"మర్నాడే."

"దినం సేసినావా?"

"లేదు."

ఆ మాటకి మీ అమ్మమ్మకి వచ్చిన కోపం, చంపినందుకు కూడా రాలేదు. "తలకి నీల్లోసుకుని దినం సెయ్యలేదా? నాకు నాలుగు మెతుకులు ఎట్టలేదా? దిక్కులేనిదాన్నేటి నేను?"

నాన్నమ్మ గోడనే గోకుతోంది.

"బియ్యం కడిగినాను," అంది చివరికి. "దినానికే కడిగినాను. పొయ్యి మీద ఎక్కించబోతే సెయ్యి రాలేదు. స్నానమంటే కోపంతో సేసీసినాను గానీ, దినం సేసేస్తే నిజంగానే పోయినట్టవుతాది కదా నేస్తం."

మీ అమ్మమ్మ ఏడవలేదు. వెళ్లి నాన్నమ్మ పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, "జరుగు," అంది. నాన్నమ్మ జరిగింది. అంతే అనూ. పాటలో నేను పదహారు లైన్లు రాశాను.

తీర్పు ఏమిటని ఎవరూ అడగలేదు. తాతయ్య మంచం మోసుకుని ఇంటికి వచ్చేశాడు, కానీ కొత్త పేచీ తెచ్చాడు. ఇకమీదట తన పేరు కూడా పలక్కూడదట. నాన్నమ్మ "ఇదిగో" అని పిలుస్తోంది. అలవాటు లేక ఆయన పలకడం లేదు. నిన్న పొద్దున్న కాఫీ మూడుసార్లు చల్లారింది.

నాన్నమ్మ నాతో మాట్లాడింది. క్షమించిందని కాదు. "పాటలో పీట అని రాసినావు," అంది. "అది పీట మీద ఏనాడు కూకుంది? మంచం మీద కూకుంటాది. మార్పించు." ఉమాశంకర్ గారికి ఫోన్ చేశాను. మెకానిక్ భోజనానికి వెళ్లాక చూద్దామన్నారు.

మీ అమ్మమ్మ సాయంత్రానికి వచ్చేస్తానందట కదా నీతో. ఇంకా ఇక్కడే ఉంది. రెండు చీరలు పంపు.

సుహాసిని


ఇసకపేట,
అక్టోబర్ 14

సుహాసినీ,

పంతొమ్మిది రోజుల తర్వాత అమ్మమ్మ ఇల్లు చేరింది. వచ్చినప్పటినుంచీ మీ నాన్నమ్మ గురించే. పప్పులో ఉప్పు ఎక్కువ వేస్తుందట. పడుకుంటే గురక పెడుతుందట. తెలివి లేదట, పొగరుందట, ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ముక్క బాగుపడలేదట. ఇంత సంతోషంగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

ఉమాశంకర్ గారు ఇక్కడికీ వచ్చాడు. ఇద్దర్నీ కూర్చోబెట్టి రెండో పాట తీస్తాడట, అసలు కథతో. మీ ఊళ్లో ఉన్నప్పుడు ఇద్దరి చేతా కొంత పాడించాడట, వెంకీ బావ చూపించాడు. పాట ఒక నిమిషం, తిట్లు ఆరు నిమిషాలు. నూట నలభై మంది చూశారు. కింద ఒక్కటే కామెంటుంది, గంగులు గారు పెట్టింది. దండం బొమ్మ.

అసలు చెప్పాల్సింది ఇది. అమ్మమ్మకి బీపీ ఉంది. మూడేళ్లుగా మాత్రలు మింగించలేక నేను చచ్చాను. బతిమాలాను, తిట్టాను, అరటిపండులో పెట్టి ఇచ్చాను. పండు తిని మాత్ర ఊసేది. నిన్న పొద్దున్న నేను లేచేసరికి తనే డబ్బా ముందు పెట్టుకుని, "పొద్దుటిది ఏది, రాత్రిది ఏది?" అని అడుగుతోంది.

నాకు భయమేసింది. ఏం జరిగిందన్నాను.

"ఏటి జరగాల? బయల్దేరేముందు దానికీ నాకూ తగువైంది. 'నీకు స్నానం నేను ముందే సేసీసినాను, నా వంతు అయిపోయినాది, ఇంక నువ్వే నాకు సెయ్యాల, అంచేత ముందు నేనే పోతాను' అంటాది. సూసినావా దాని తెలివి?"

"నువ్వేమన్నావు?"

"కుదరదన్నాను. నాకు దినం బాకీ ఉన్నావు, అది ఎట్టకుండా ఎలా పోతావన్నాను. 'ఎట్టను పో, ఏ జన్మకీ ఎట్టను' అన్నాది."

మాత్ర నోట్లో వేసుకుని చెంబెడు నీళ్లు తాగింది. మూతి తుడుచుకుంది.

"అది ఎట్టనన్నాక నేను పోడానికి లేదు కదే," అంది. "రాత్రి మాత్ర కూడా గుర్తు సెయ్యి."

అనూ